ఎంటర్ ది డ్రాగన్: "ఫైట్లు ఇంత చిన్నవేంది?" అనే మాటలోనే అసలు సంగతి ఉంది

నెల్లూరు ట్రంకు రోడ్డులో టీ కొట్టు దగ్గర నిలబడ్డ అరవై దాటిన మనిషినీ, ఒంగోలులో ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడినీ బ్రూస్ లీ 'ఎంటర్ ది డ్రాగన్' గురించి అడిగి చూడండి. ఇద్దరూ ఒకే సినిమా గురించి చెబుతున్నారంటే నమ్మడం కష్టం. పెద్దాయన "ఆ మనిషి మళ్లీ పుట్టడు సామీ" అని మొదలుపెట్టి చివరి ఫైటు జరిగే అద్దాల గది దాకా ఒక్క ఊపున చెప్పేస్తాడు. కుర్రాడు మాత్రం బ్రూస్ లీ బాగున్నాడు గానీ కథేముంది, విలన్ ముసలోడు, ఫైటు మొదలైందనుకునే లోపలే అయిపోతోంది అంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఈ సినిమా మీద యాభై ఏళ్లుగా నడుస్తున్న వాదనల్లో సగం అభిరుచుల తేడా వల్ల వచ్చినవి కావు, ఎవరు ఏ ప్రింటు, ఎంత తెర మీద, ఏ భాషలో చూశారన్న దాన్నిబట్టి వచ్చినవి. మిగతా సగం ఒక్క ఫిర్యాదు చుట్టూ తిరుగుతుంది. అదే, ఫైట్లు మరీ చిన్నవి అనేది. సినిమా గొప్పతనం ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఆ ఫిర్యాదు వేలు పెడుతుంది, అందుకే దాన్ని కొట్టిపారేయకుండా విప్పి చూడాలి.

ముందు సినిమా సంగతి నాలుగు ముక్కల్లో. దర్శకుడు రాబర్ట్ క్లౌజ్. వార్నర్ బ్రదర్స్ హాంకాంగ్ వాళ్లతో కలిసి తీసింది, షూటింగ్ 1973 మొదటి నెలల్లో హాంకాంగ్‌లో జరిగింది, ఖర్చు సుమారు 8 లక్షల 50 వేల డాలర్లు. హాన్ అనే మాజీ షావొలిన్ (చైనాలో యుద్ధవిద్యలకి పేరున్న మఠం) శిష్యుడు ఒక దీవి కొనుక్కుని మత్తుమందుల వ్యాపారం, ఆడపిల్లల్ని అమ్మే వ్యాపారం నడుపుతుంటాడు, మూడేళ్లకోసారి అక్కడ పోటీలు పెడతాడు. ఆ పోటీకి లీ వెళ్లి లోపలి సంగతులు బయటపెట్టాలి. అంతే కథ. ఇందులో బ్రూస్ లీ పాత్ర పేరు కూడా లీయే. సినిమా అమెరికాలో 1973 ఆగస్టు 19న విడుదలైంది. అంతకు నెల ముందే, జులై 20న, 32 ఏళ్ల వయసులో అతను హాంకాంగ్‌లో చనిపోయాడు.

కాబట్టి మన దేశంలో ఈ సినిమా చూసిన ప్రతి ఒక్కరూ అప్పటికే లేని మనిషిని చూశారు. ఇది చిన్న విషయం కాదు. విషం పెట్టారని, ఏదో రహస్యమైన దెబ్బ కొట్టారని రకరకాల కథలు సినిమా రీళ్ల కంటే ముందే ఊళ్లు తిరిగాయి, ఇప్పటికీ తిరుగుతున్నాయి. మెదడు వాచి చనిపోయాడని వైద్యులు తేల్చినా వినేవాళ్లు తక్కువ. పాత ప్రేక్షకుల మాటల్లో సినిమా మీద అభిప్రాయం ఎంత, చావు మీద బాధ ఎంత అని విడదీయడం ఒక పట్టాన కుదరదు. కుదరకపోయినా ఆ అభిమానాన్ని తక్కువ చేయక్కర్లేదు, ఎందుకంటే తెర మీద కనిపించే పనితనం ఆ బాధ లేకుండా చూసినా నిలబడుతుంది.

ఇప్పుడు తెర సంగతి. ఈ సినిమాని సినిమాస్కోప్ తరహా వెడల్పు ఫ్రేములో తీశారు, అంటే ఎత్తు కంటే వెడల్పు దాదాపు 2.4 రెట్లు. మన తెలుగులో తొలి సినిమాస్కోప్ 'అల్లూరి సీతారామరాజు' వచ్చింది 1974లో. ఆ రోజుల్లో టౌను థియేటర్లలో మార్నింగ్ షోకి ఇంగ్లీషు సినిమా చూసిన వాళ్లకి ఈ వెడల్పు తెరే ఒక వింత. ఆ వెడల్పులో ఇద్దరు మనుషులు తల నుంచి పాదం దాకా ఎదురెదురుగా నిలబడితే, మధ్యలో ఖాళీ ఎంతుందో, ఎవరి కాలు ఎంత దూరం వెళ్లగలదో మొత్తం కనబడుతుంది. ఎనభైల్లో వీడియో పార్లర్లు వచ్చాయి, క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని చూసేవాళ్లు. అప్పటి టీవీ దాదాపు చదరంగా ఉండేది, దాని వెడల్పు ఎత్తుకి 1.33 రెట్లే. ఆ పెట్టెలో నిండుగా పట్టించాలంటే స్కోప్ బొమ్మలో నలభై శాతానికి పైగా పక్కల నుంచి కోసెయ్యాలి. కొట్టేవాడు ఉంటే దెబ్బ తినేవాడు ఉండడు, వాడు కనబడితే కొట్టిన కాలు కనబడదు. ఆ తరం వాళ్లలో చాలామంది "ఫైట్లు గజిబిజిగా ఉంటాయి" అంటే అందులో వాళ్ల తప్పేం లేదు, వాళ్లకి దక్కింది సగం బొమ్మే. ఇప్పుడు ఫోను నిలువుగా పట్టుకుని ముప్పై సెకన్ల ముక్కలు చూసే పిల్లల పరిస్థితి ఇంకా అన్యాయం. కోసిన బొమ్మని మళ్లీ కోసి చూపిస్తున్నారు.

ప్రింటు తేడా ఇంకా ముఖ్యమైనది. సినిమా మొదట్లో లీ తన గురువుతో తోటలో నడుస్తూ మాట్లాడే సన్నివేశం ఒకటుంది. శత్రువు దగ్గర ఉన్నవి ప్రతిబింబాలు, భ్రమలు మాత్రమే, వాటి వెనక దాక్కుంటాడు, ఆ ప్రతిబింబాన్ని పగలగొడితే శత్రువూ విరిగిపోతాడు అని గురువు చెబుతాడు. ప్రపంచమంతా తిరిగిన మొదటి ఇంగ్లీషు ప్రింటులో ఈ మాటల్ని కత్తిరించేశారు. సినిమాకి పాతికేళ్లు నిండిన సందర్భంగా 1998లో వచ్చిన ఎడిషన్‌లోనే తిరిగి కలిపారు. ఇప్పుడు క్లైమాక్స్ గుర్తు చేసుకోండి. అద్దాల గదిలో హాన్ వంద రూపాల్లో కనిపిస్తుంటే లీ అద్దాలు పగలగొట్టడం మొదలుపెడతాడు. పాత ప్రింటు చూసిన వాళ్లకి అది చూడ్డానికి తమాషాగా ఉండే ఒక ట్రిక్కు. కొత్త ప్రింటు చూసిన వాళ్లకి మొదటి పావుగంటలో విన్న పాఠానికి వచ్చిన జవాబు. "సినిమాలో ఫిలాసఫీ ఉంది" అని ఒకరు, "ఏం ఫిలాసఫీ, కొట్టుకోవడమేగా" అని ఇంకొకరు గొడవపడుతుంటే ఇద్దరూ ఏ ప్రింటు చూశారో ముందు కనుక్కోవడం మంచిది. చాలాసార్లు గొడవ అక్కడే తేలిపోతుంది.

ఇక అసలు ఫిర్యాదు. ఫైట్లు చిన్నవి. నిజమే, చిన్నవే. ఓహారాతో జరిగే పోటీ తీసుకుందాం, ఎందుకంటే దాన్ని మెచ్చుకునే వాళ్లూ విసుక్కునే వాళ్లూ ఇద్దరూ అదే చూపిస్తారు. ఓహారా హాన్‌కి అంగరక్షకుడు, లీ చెల్లెలి చావుకి కారణమైనవాడు. ఆ పాత్ర వేసిన బాబ్ వాల్ నిజంగానే కరాటేలో పోటీలు గెలిచిన మనిషి, ఎత్తులో, బరువులో లీ కంటే చాలా పెద్ద. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ముందుకు చాచిన చేతుల మణికట్లు ఒకదానికొకటి ఆనిస్తారు. అంతే, ఇంక కదలిక ఉండదు. చుట్టూ వరసల్లో తెల్ల బట్టలేసుకున్న హాన్ మనుషులు, ఎండ, గాలి. లీ కళ్లు ఎదుటివాడి కళ్ల మీద ఉంటాయి. ఉన్నట్టుండి ఓహారా కింద పడి ఉంటాడు. ఏం జరిగిందో అతనికే తెలియలేదని మొహం చెబుతుంది. లేస్తాడు, మళ్లీ మణికట్లు ఆనిస్తారు, మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ కింద. రెండోసారి ప్రేక్షకుడు కన్ను ఆర్పకుండా చూడాలని సిద్ధమై కూర్చుంటాడు, అయినా దెబ్బ తప్పిపోతుంది.

ఇక్కడ సమయం ఎక్కడ ఖర్చయిందో గమనించండి. దెబ్బకి దక్కింది రెప్పపాటు. దెబ్బకి ముందు నిలబడ్డ సమయం దానికి ఎన్నో రెట్లు. మన సినిమాల్లో లెక్క సరిగ్గా దీనికి తలకిందులు. ఫైటు అంటే దెబ్బల వరస, ఒక్కో దెబ్బకి మనిషి గాల్లోకి లేవాలి, దుమ్ము రేగాలి, ఆ దెబ్బనే మూడు యాంగిల్స్‌లో మళ్లీ చూపించాలి. ఆ లెక్కకి అలవాటు పడ్డ కంటికి ఓహారా ఫైటు ఏమీ జరగనట్టే ఉంటుంది. కానీ నిజంగా కొట్టుకోవడం తెలిసినవాళ్లని అడగండి, నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం వైపు పొద్దున్నే పిల్లలకి కరాటే నేర్పే మాస్టర్ల లాంటి వాళ్లని. నిజమైన పోట్లాట ఇలాగే ఉంటుందనే చెబుతారు. దూరం ఎంతో చూసుకోవడం, ఎదుటివాడి ఊపిరి, భుజం చూసుకోవడం, ఆ తర్వాత ఒకటో రెండో దెబ్బలు. వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ విద్య నేర్చుకుని, అందులోంచి తనదైన జీత్ కునే దో పద్ధతి తయారు చేసుకున్న లీ చెప్పుకొచ్చింది కూడా అదే, పనికిరాని కదలిక ఒక్కటి కూడా వద్దని. తెర మీద ఆ మాటకి కట్టుబడి ఉండటానికి చాలా ధైర్యం కావాలి, ఎందుకంటే టికెట్ కొన్నవాళ్లు ఫైటు చూడ్డానికే వచ్చారు.

ఆ సన్నివేశం ముగింపు ఇంకా గట్టిది. ఓడిపోయిన ఓహారా రెండు సీసాలు పగలగొట్టి మీదకొస్తాడు. లీ అతన్ని పడగొట్టి, ఎగిరి రెండు కాళ్లతో మీదకి దిగుతాడు. దిగిన చోటు కెమెరా చూపించదు. లీ మొహమే చూపిస్తుంది, అదీ నెమ్మదిగా. నోరు తెరుచుకుంటుంది, బుగ్గలు వణుకుతాయి, కళ్లలో కోపం ఉందో ఏడుపు ఉందో తేల్చుకోలేం. సినిమా మొత్తం మీద వేగంగా కదిలే మనిషిని దర్శకుడు నెమ్మదిగా చూపించింది ఇక్కడ, అదీ కొట్టడాన్ని కాదు, కొట్టాక అతని మొహాన్ని. పగ తీరిన మనిషి మొహంలో సంతోషం లేదు. మన హీరోలు విలన్‌ని చంపాక కాలర్ సర్దుకుని నడుచుకుంటూ వస్తారు, ఇక్కడ చంపిన వాడి మొహమే నలిగిపోయింది. ఫైట్లు చిన్నవి అనేవాళ్లు ఆ ఒక్క మొహాన్ని లెక్కలో వేసుకుంటే చాలు.

వేగం మీద ఇంకో పాత అనుమానం ఉంది. "ఫిలిం స్పీడు పెంచి తీశారబ్బా, మనిషన్నవాడు అంత తొందరగా కొడతాడా?" అనేది. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. సెకనులో ఆరోవంతులో దెబ్బ పడిందంటే దానికి దక్కేది నాలుగే ఫ్రేములు, ఆ నాలుగింటిలో కంటికి నిలిచేది ఒకటో రెండో. అందుకే అది మాయలా అనిపిస్తుంది. నిజంగా స్పీడు పెంచారో లేదో పట్టుకోవడం సులువు, కొట్టే చెయ్యి వైపు చూడకుండా పక్కన ఉన్నవాటిని చూడాలి. తక్కువ ఫ్రేములతో తీసి మామూలు వేగంతో నడిపిస్తే ఒక్క హీరో మాత్రమే వేగంగా కదలడు, అందరూ కదులుతారు. వెనక నిలబడ్డ వాళ్ల నడక గంతుల్లా ఉంటుంది, బట్టలు అదోలా రెపరెపలాడతాయి, కింద పడే మనిషి రాయిలా పడతాడు. మన పాత సినిమాల్లో ఛేజింగులు చూస్తే అది ఇట్టే తెలిసిపోతుంది. ఓహారా సన్నివేశంలో పడేవాడు మామూలుగానే పడతాడు, వెనక వాళ్లు మామూలుగానే నిలబడతారు, ఒక్క చెయ్యి మాత్రమే అందదు. అయితే అన్నీ లీ ఒక్కడే చేశాడనుకోవడం కూడా సరికాదు. వెనక్కి పల్టీ కొడుతూ ఓహారాని తన్నే దెబ్బతో సహా గిరికీల్లాంటివి యువెన్ వా అనే స్టంట్ నటుడు చేశాడు. అభిమానులు ఈ మాట వింటే నొచ్చుకుంటారు గానీ నొచ్చుకోవాల్సిన పనేం లేదు. లీ గొప్పతనం పల్టీల్లో లేదు, పాదం నేల మీద ఉన్నప్పుడు ఉంది.

ఊరుకోవడంలో అతని పనితనం ఎలా ఉంటుందో ఇంకో రెండు చోట్ల కనబడుతుంది. ఒకటి పడవ సన్నివేశం. పార్సన్స్ అనే న్యూజిలాండ్ మొనగాడు పడవలో పనిచేసే కుర్రాళ్లని ఏడిపిస్తూ, నీ స్టైల్ ఏంటి అని లీ మీదకొస్తాడు. పోట్లాడకుండా పోట్లాడే స్టైల్ అంటాడు లీ. చూపించమంటే, ఇక్కడ ఇరుకు, అదిగో ఆ దీవికి చిన్న పడవలో పోదాం అంటాడు. వాడు చిన్న పడవలోకి దిగగానే తాడు వదిలేసి, దాని కొస కుర్రాళ్ల చేతికి ఇస్తాడు. ఇంగ్లీషు ముక్క రాని ప్రేక్షకుడికి కూడా పూర్తిగా అర్థమయ్యే సన్నివేశం ఇది. పాత ప్రేక్షకులు ఎవరు కథ చెప్పినా దీన్ని వదిలిపెట్టరు, చెప్పేటప్పుడు నవ్వకుండా ఉండలేరు. రెండోది నేలమాళిగ ఫైటు. లీ వరసగా కర్ర, జంట కర్రలు, నాన్‌చాక్ (గొలుసుతో కలిపిన రెండు పొట్టి కర్రలు) వాడి కాపలావాళ్లని మట్టి కరిపిస్తాడు. ఉన్నట్టుండి నాలుగు వైపులా ఇనప తలుపులు పడిపోతాయి. వేరే హీరో అయితే తలుపుల్ని గుద్దుతాడు, అరుస్తాడు. లీ ఒకసారి చుట్టూ చూసి, నాన్‌చాక్ మెడలో వేసుకుని, కింద బాసింపట్టు వేసుక్కూర్చుంటాడు. దారి లేదని తెలిశాక బలం వృథా చెయ్యడు. థియేటర్లో ఈలలు పడేది సరిగ్గా ఇక్కడ, అతను ఏమీ చెయ్యనప్పుడు.

ఆ కర్ర తిప్పడం గురించి ఒక మాట చెప్పుకోవాలి. నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో కర్రసాము తెలియని పాత తరం ఉండదు. పీర్ల పండగకీ దసరాకీ ఊరేగింపుల్లో తాలింఖానా వాళ్లు తిప్పేవాళ్లు, పిల్లలు గోడలెక్కి చూసేవాళ్లు. అలాంటి వాళ్లకి నేలమాళిగ ఫైటులో కర్ర భాగం పరాయిది అనిపించలేదు. చేతులు మార్చడం, కర్ర కొసని ఎదుటివాడి మణికట్టుకి తగిలించడం వాళ్ల కన్ను పట్టుకుంటుంది. నాన్‌చాక్ మాత్రం పూర్తిగా కొత్త. బ్రిటన్‌లో సెన్సారువాళ్లు ఆ భాగాన్ని చాలా ఏళ్లు కత్తిరించి చూపించారు, పిల్లలు అనుకరిస్తారన్న భయంతో. ఆ భయం ఉత్తదేం కాదని ఎనభైల్లో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లు ఎవరైనా ఒప్పుకుంటారు. చీపురు కర్ర రెండు ముక్కలు చేసి మధ్యలో సైకిల్ చైనో తాడో కట్టి తిప్పి మోచేతులు వాచిపోయిన పిల్లలు ఏ వీధిలో లేరు?

మన ఫైట్ల పద్ధతి తక్కువదని ఇక్కడ చెప్పడం లేదు. కారంచేడు నుంచి, అంటే అప్పటి ప్రకాశం జిల్లా నుంచి వెళ్లిన రామ్-లక్ష్మణ్‌లు తెలుగు సినిమాకి ఫైట్ మాస్టర్లయి ఏ స్థాయికి వెళ్లారో తెలిసిందే. మన ఫైటు హీరో మీద ప్రేక్షకుడికి ఉన్న ప్రేమని చూపించే చోటు, అక్కడ నిజం కంటే ఉత్సాహం ముఖ్యం. అది వేరే పని, దానికి వేరే నైపుణ్యం. సమస్య ఎక్కడొస్తుందంటే, ఒకదాని కొలతతో ఇంకోదాన్ని కొలిచినప్పుడు. 'ఎంటర్ ది డ్రాగన్'లో ఎలివేషన్ లేదనే కుర్రాళ్లు దాన్ని దెబ్బల్లో వెతుకుతున్నారు. అది దెబ్బకి ముందున్న నిలకడలో ఉంది.

విలన్ ముసలోడనే మాటకి వస్తే, నిజమే, హాన్ వేషం వేసిన షి కీన్‌కి అప్పటికి అరవై. అతనికి ఇంగ్లీషు రాకపోవడంతో గొంతు కూడా వేరే నటుడిది, కీ లూక్ అనే ఆయనది. కానీ హాంకాంగ్ ప్రేక్షకులకి షి కీన్ ఎవరో చెప్పక్కర్లేదు. అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా వాంగ్ ఫే హుంగ్ అనే కుంగ్‌ఫూ వీరుడి సినిమాల్లో ఆయనే ప్రతినాయకుడు, మొహం కనబడితే చాలు హాల్లో జనం తిట్టేవాళ్లు. మనకి అర్థం కావాలంటే కావలిలో పుట్టిన రాజనాలని గుర్తు తెచ్చుకోవాలి. జానపద సినిమాలో రాజనాల తెర మీదకి రాగానే, ఒక్క డైలాగు పలకకముందే రాజ్యం ప్రమాదంలో పడిందని జనానికి తెలిసిపోయేది. షి కీన్ వాళ్లకి అలాంటివాడు. ఆ నేపథ్యం తెలియని మనకి మిగిలింది ఒక నెరిసిన జుట్టు మనిషి, ఊడదీసి పెట్టుకునే ఇనప చెయ్యి. అందుకే చివరి పోరాటంలో "ఈ ముసలాయన లీ ముందు ఎంతసేపు నిలుస్తాడు?" అనే ప్రశ్న సహజంగా వస్తుంది. సినిమా తీసినవాళ్లకీ అది వచ్చే ఉంటుంది, అద్దాల గది దానికే జవాబు. లీకి ఉన్న పెద్ద ఆయుధం కన్ను, దూరాన్ని అంచనా కట్టే శక్తి. అద్దాల మధ్య ఆ శక్తి పనికిరాదు. ఎటు చూసినా హాన్, ఏది నిజమో తెలియదు, పంజా గోళ్లు మాత్రం ఎక్కడి నుంచో వచ్చి తగులుతున్నాయి. బలంలో సరితూగని వాడిని చోటు మార్చి సమానం చేశారు. ఇది తెలివైన పని, హాన్ మీద ఎన్ని విమర్శలు ఉన్నా ఈ ఒక్క ఆలోచనకి మార్కులు వెయ్యాల్సిందే.

కథ పాతదనే ఫిర్యాదు మాత్రం పూర్తిగా న్యాయమైనది. దీవి, ఇనప చెయ్యి ఉన్న విలన్, బ్రిటిష్ గూఢచారి సంస్థ, ఒడిలో తెల్ల పిల్లి, ఇవన్నీ జేమ్స్ బాండ్ సినిమాల సరుకే. అదే 1973లో వచ్చిన బాండ్ సినిమా ఖర్చు సుమారు 70 లక్షల డాలర్లు, దీనికి అందులో ఎనిమిదో వంతు. ఆ తేడా సెట్లలో కనబడుతుంది, చివరి మూకుమ్మడి పోరాటంలో ఇంకా కనబడుతుంది, వెనక వరసల్లో కొందరు ఊరికే చేతులు ఊపుతుంటారు. "ఒక తుపాకీ తీసుకుపోయి కాల్చి రావచ్చు కదా?" అని ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న సినిమాలో లీయే అడుగుతాడు, దీవిలోకి తుపాకులు రానివ్వడని జవాబు కూడా వస్తుంది. ఇంగ్లీషు అర్థంకాక అది తప్పిపోయిన వాళ్లే ఎక్కువ. జాన్ శాక్సన్ వేసిన రోపర్ పాత్రకి అంత సమయం ఎందుకన్నది ఇంకో ఫిర్యాదు. అమెరికాలో ఒక చైనా మనిషి ఒక్కడే హీరో అయితే చూస్తారో లేదో అన్న అనుమానం స్టూడియోలకి ఉన్న రోజులవి, అందుకే జాన్ శాక్సన్, జిమ్ కెల్లీ పక్కన చేరారు. శాక్సన్ భాగం ఈరోజు చూస్తే సాగదీసినట్టే ఉంటుంది. జిమ్ కెల్లీ అలా కాదు. అతను నిజంగా కరాటే ఛాంపియన్, తెర మీద ఉన్నంతసేపు చూపు తిప్పనివ్వడు. అతను వేసిన విలియమ్స్ పాత్రని సగంలో చంపెయ్యడం ఈ సినిమా చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి.

అంతకంటే పెద్ద తప్పు ఆడవాళ్ల విషయంలో. ఏంజెలా మావ్ వేసిన సూ లిన్, అంటే లీ చెల్లెలు, తెర మీద కనిపించేది గతం చెప్పే కొన్ని నిమిషాలే. ఓహారా మనుషులు తరుముతుంటే సందుల్లో పరిగెడుతూ ఒక్కొక్కణ్ణీ పడగొడుతుంది. ఆ తన్నుల్లో ఉన్న నిఖార్సయిన కోపం, ఆ పరుగులో ఉన్న భయం రెండూ ఒకేసారి కనబడతాయి. దారి మూసుకుపోయాక వాళ్ల చేతికి చిక్కడం ఇష్టంలేక గాజు ముక్కతో ప్రాణం తీసుకుంటుంది. ఈ సన్నివేశాన్ని బాగుందని మెచ్చుకునే వాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ, వాళ్లే అడిగే ప్రశ్న కూడా సరైనదే. ఇంత బాగా పోరాడే మనిషిని అన్న పగకి కారణంగా మాత్రమే ఎందుకు వాడుకున్నారు? మిగతా సినిమాలో ఆడపిల్లలు గదుల్లో అలంకారంగా కూర్చుంటారు. దీవిలో ముందే చేరి రహస్యంగా పనిచేస్తున్న మే లింగ్‌కి కూడా చివర్లో ఖైదీల తలుపులు తీసే పనే దక్కింది. కాలం అలాంటిది అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, అదే కాలంలో హాంకాంగ్‌లో ఏంజెలా మావ్ హీరోయిన్‌గా సొంతంగా ఫైట్ సినిమాలు చేస్తోంది. వాళ్లకి తెలియక కాదు.

మరి ఇప్పుడు ఈ సినిమా మొదటిసారి చూడాలనుకునే వాళ్లు ఏం చెయ్యాలి? గురువు సన్నివేశం ఉన్న ప్రింటే చూడాలి, ఇప్పుడు దొరుకుతున్న వాటిలో ఎక్కువ అవే. పైనా కిందా నల్ల పట్టీలు కనబడితే సంతోషించాలి, మొత్తం ఫ్రేము వచ్చిందని అర్థం, వాటిని పోగొట్టడానికి జూమ్ నొక్కకూడదు. తెలుగు డబ్బింగ్ వెతుక్కోవడం కంటే ఇంగ్లీషులోనే సబ్‌టైటిల్స్‌తో చూడటం మేలు. ఎలాగూ మాటలన్నీ తర్వాత డబ్ చేసినవే కాబట్టి పెదవుల కదలిక ఎందులోనూ సరిగ్గా కలవదు, కానీ లీ సొంత గొంతు, కొట్టేముందు తీసే ఆ కూత ఇంగ్లీషులోనే ఉన్నాయి. మొదట్లో చిన్న శిష్యుడి తల మీద మొట్టి, చంద్రుణ్ణి చూపించే వేలి వైపే చూస్తూ ఉండొద్దని చెప్పే సన్నివేశాన్ని స్కిప్ చెయ్యకూడదు. గ్లోవ్స్ వేసుకుని లీతో తలపడే ఆ లావుపాటి కుర్రాడు తర్వాత హాంకాంగ్ సినిమాల్లో పేరు తెచ్చుకున్న సామో హుంగ్. నేలమాళిగలో లీ ఎవరి జుట్టు పట్టుకుని మెడ విరుస్తాడో ఆ కాపలావాడు జాకీ చాన్, కన్ను మూసి తెరిస్తే పోతాడు.

తెలుగు సినిమాలు 4కేలో మళ్లీ విడుదలవుతున్న రోజులివి, పాత హీరోల సినిమాలకి హాళ్లు నిండుతున్నాయి. సూళ్లూరుపేట దగ్గర 2019లో కట్టిన థియేటర్లో తెర వెడల్పు 106 అడుగులు, అప్పటికి అది నెల్లూరు జిల్లాయే. ఎవరైనా డిస్ట్రిబ్యూటరు పూనుకుని ఒక ఆదివారం మార్నింగ్ షో అయినా అక్కడ వేస్తే, ఓహారా సన్నివేశంలో మణికట్లు ఆనించి నిలబడ్డ ఆ ఇద్దరి మధ్య దూరం ఎంతో నెల్లూరు కుర్రాళ్లకి మొదటిసారి పూర్తిగా కనబడుతుంది.